బ్యాటు బలమా? బ్యాటింగు బలమా?

(బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

క్రికెట్ ఆడని విద్యార్థి మన కాలేజీలో ఉండవచ్చును గాని, క్రికెట్ మీద వాదించని విద్యార్థి మాత్రం లేడు. హాస్టలు మెస్సులో సాంబారు చల్లారిపోతున్నా లెక్కచేయకుండా మేము తరచుగా వాదించుకొనే విషయం ఒకటున్నది. సిక్సరు కొట్టేది బ్యాటా, మనిషా? “ఇంగ్లీషు విల్లో చేతిలో ఉంటే ఎవడైనా కొడతాడు” అనేది ఒక పక్షం. “కొట్టేవాడికి కొబ్బరిమట్ట ఇచ్చినా కొడతాడు” అనేది రెండో పక్షం. నేను చాలాకాలం మొదటి పక్షంలో ఉన్నాను. కారణం సైన్సు కాదు. నా దగ్గర ఇంగ్లీషు విల్లో బ్యాటు లేదు, అంతే. నేను అవుటైన ప్రతిసారీ చెప్పుకోవడానికి ఆ వాదన నాకు పనికొచ్చేది.

నిరుడు కాలేజీ జట్టులో చోటు దొరికింది. తిరుపతిలో ఒక అంగడికి వెళ్ళి ధర అడిగాను. కాశ్మీరు విల్లో బ్యాటు రెండు వేలకు అటూ ఇటూ. ఇంగ్లీషు విల్లో అయితే పద్దెనిమిది వేలు, అదీ నడిమి రకం. ఆ ఆదివారం ఊరికి పోయి మా నాయనతో చెప్పాను. ఆయన కల్లంలో చెనిక్కాయలు తిరగేస్తున్నాడు. చేతిలో పని ఆపకుండానే లెక్క వేసి, “ఏడెనిమిది మూటల కాయలు రా అబ్బోడా” అన్నాడు. కాసేపటికి మళ్ళీ అడిగాడు: “ఆ కట్టెలో ఏముందిరా అంత? మన చింతచేవ కన్నా గట్టిదా?”

మూడేళ్ళుగా భౌతికశాస్త్రం చదువుతున్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. ఆ సిగ్గుతో మొదలైనదే ఈ వ్యాసం.

ముందుగా మా నాయన ప్రశ్నకే వద్దాం. గట్టిదనం ప్రకారం చూస్తే విల్లో చెట్టు మన చెట్ల ముందు నిలవలేదు. ఘనమీటరు విల్లో కొయ్య సుమారు 400 నుంచి 450 కిలోలు తూగుతుంది. వేప సుమారు 700 కిలోలు. చింత విల్లోకు రెట్టింపుకు తగ్గదు. శేషాచలం కొండల్లోని ఎర్రచందనం చేవ సంగతి చెప్పనే అక్కరలేదు, నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. అదే కొలతలతో చింతకొయ్య బ్యాటు చేస్తే రెండున్నర కిలోలు అవుతుంది. దానితో కొట్టవచ్చు గాని, ఎత్తేలోపల బంతి వికెట్‌కీపరు చేతిలో ఉంటుంది.

కాబట్టి విల్లో గొప్పదనం గట్టిదనంలో లేదు. తక్కువ బరువులోనే కావలసినంత మందం ఇస్తుంది. పైగా దాని కణజాలం గాలి నిండిన సన్నటి గదులతో ఉంటుంది గనుక దెబ్బ తగిలితే పగిలిపోకుండా లోపలికి నొక్కుకుంటుంది. బ్యాటు చేసేవాళ్ళు ఆ ముఖాన్ని రోలర్ల కింద వత్తి పైపొరను గట్టిపరుస్తారు. తక్కువ వత్తితే బంతి గుంట పడుతుంది, ఎక్కువ వత్తితే కొయ్య చచ్చిపోయి బంతిని ఎగరేయదు. ఒకే దుంగలో కోసిన రెండు చెక్కలు కూడా ఈ వత్తడంలోనే మంచీ చెడ్డా అయిపోతాయి.

ఇక్కడే ‘ఎక్కడి బ్యాటు?’ అన్న ప్రశ్న కొంచెం తిరకాసుగా మారుతుంది. ఇంగ్లీషు విల్లో అంటే ఇంగ్లండులో చేసిన బ్యాటు అనుకొనేవాడిని. అది నిజం కాదు. ఎసెక్స్ ప్రాంతంలో పెరిగిన చెట్టు చెక్కలుగా మీరట్, జలంధర్ పట్టణాలకు వస్తుంది. అక్కడ మనవాళ్ళే చెక్కి, వత్తి, పిడి దించుతారు. కాశ్మీరు విల్లో కూడా పరాయి జాతి కాదు, ఆ కుటుంబపు చెట్టే. అనంతనాగ్, బిజ్‌బెహారా, సంగం ప్రాంతాల్లో శ్రీనగరు రోడ్డు వెంబడి వరసగా బ్యాట్ల కార్ఖానాలు ఉన్నాయి. నేల వేరు, చలి వేరు గనుక కాశ్మీరు కొయ్య సాధారణంగా కొంచెం బరువు, కొంచెం గట్టి. మా ఊళ్ళో అమ్మిన ఒక మామిడి మొక్కనే నీళ్ళున్న తోటలో ఒకటి, మెట్టలో ఒకటి పెడితే కాయ రుచి మారదా? అట్లాంటిదే ఇది.

స్టిక్కరు సంగతి కూడా ఒక మాట. మా జట్టులో ఒకరి బ్యాటు మీద పెద్ద విదేశీ కంపెనీ పేరు ఉండేది. ఏడాది పాటు దాన్ని మేమంతా భక్తితో ముట్టుకున్నాం. వానలో తడిసి స్టిక్కరు ఊడిపోతే కింద వేరే పేరు బయటపడింది. దాని యజమాని అప్పటిదాకా దానితో బాగానే కొట్టాడు. ఆ మరుసటి వారం నుంచి కొట్టలేకపోయాడు! కొయ్య అదే, మనిషి అదే. దీనికి భౌతికశాస్త్రంలో సూత్రం లేదు, మనస్తత్వశాస్త్రం వారు వ్రాయాలి.

ఇక అసలు లెక్క. బంతి, బ్యాటు ఢీకొనడం మన మొదటి సంవత్సరం పాఠంలోని అభిఘాతమే. బంతి బరువు నిబంధన ప్రకారం 155.9 నుంచి 163 గ్రాములు. బ్యాటు మామూలుగా 1.1 నుంచి 1.3 కిలోలు. రెండూ తాకి ఉండే కాలం సెకనులో దాదాపు వెయ్యోవంతు. బ్యాటు నుంచి బయటికి వెళ్ళే బంతి వేగాన్ని చిన్న సమీకరణంగా ఇట్లా వ్రాయవచ్చు:

బయటి వేగం = గు × (వచ్చే బంతి వేగం) + (1 + గు) × (బ్యాటు వేగం)

ఇందులో ‘గు’ అనేది బ్యాటు గుణం అనుకుందాం. కొయ్య స్థితిస్థాపకత, బ్యాటు బరువు, ఆ బరువు ఎక్కడ పేరుకుని ఉన్నది, బంతి ఏ చోట తగిలింది, ఇవన్నీ ఆ ఒక్క అంకెలో దాగి ఉంటాయి. బ్యాటును కదలకుండా బిగించి పెట్టి బంతి విసిరితే ఎంత వేగంతో వెనక్కి వస్తుందో పాఠంలో చదువుకున్నాం గాని, అది వేరు. ఇక్కడ బ్యాటు గాలిలో స్వేచ్ఛగా ఉన్నది. ఒక మంచి బ్యాటు మంచి చోట గు విలువ 0.2 అనుకుని లెక్క చేద్దాం.

బంతి పిచ్ మీద పడి లేచి సెకనుకు 25 మీటర్ల వేగంతో వస్తున్నది, అంటే గంటకు 90 కిలోమీటర్లు. బ్యాటు కూడా 25 మీటర్ల వేగంతో ఎదురు వెళ్ళింది. అప్పుడు బయటి వేగం 5 + 30 = 35 మీటర్లు. చూడండి, ఆ 35లో బౌలరు ఇచ్చింది 5 మాత్రమే. మిగిలిన 30 మన చేతి వేగం నుంచి వచ్చింది. ‘ఫాస్టు బౌలరు బంతిని ఊరికే తాకిస్తే చాలు పోతుంది’ అనేవాళ్ళు ఈ 5ను, 30ని పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇప్పుడు ఇంకా మంచి కొయ్య కొన్నాం. గు విలువ 0.2 నుంచి 0.22 అయింది, అంటే పదింట ఒక వంతు మెరుగు. బయటి వేగం 36. ఒక మీటరు పెరిగింది. కొయ్య మార్చకుండా బ్యాటు వేగాన్నే పదింట ఒక వంతు పెంచుదాం, 27.5 మీటర్లు. బయటి వేగం 38. మూడు మీటర్లు పెరిగింది! గాలి అడ్డు లేదనుకుని 45 డిగ్రీల కోణంలో దూరం కడితే 35కు 125 మీటర్లు, 36కు 132, 38కు 147. నిజానికి గాలి ఇందులో చాలా దూరం మింగేస్తుంది, అయినా వరస మారదు. అంతర్జాతీయ పురుషుల మ్యాచిలో బౌండరీ 59 మీటర్లకు తగ్గకూడదు, 82కు మించకూడదు అని గుర్తు పెట్టుకుంటే, ఆ ఏడు మీటర్లకూ ఇరవై రెండు మీటర్లకూ ఉన్న తేడా ఏమిటో తెలుస్తుంది. ఒకటి తాడు దగ్గర క్యాచి, రెండోది జనంలో పడిన బంతి.

బంతి చెడు చోట తగిలితే? పిడి దగ్గరో, అంచునో తగిలి గు 0.1కి పడిపోయిందనుకుందాం. బయటి వేగం 30. దూరం 92. అంటే మంచి కొయ్య కొని సంపాదించిన ఒక మీటరు వేగం, తప్పు చోట తగిలించి పోగొట్టుకున్న ఐదు మీటర్ల వేగంలో ఎక్కడ కనిపిస్తుంది?

ఈ లెక్క కాగితం మీదది. చేసి చూద్దామని నేను, నా గది మిత్రుడు కలిసి మూడు బ్యాట్లు సేకరించాం. ఒకటి సీనియరుది, ఇంగ్లీషు విల్లో. రెండోది కాలేజీ స్టోరులోని పాత కాశ్మీరు బ్యాటు. మూడోది మా ఊరి ఆచారి చిన్నప్పుడు నాకు చేసిపెట్టిన వేపకొయ్య బ్యాటు. వాటిని నేల మీద ఇటుకల మధ్య పడుకోబెట్టి, మీటరు ఎత్తు నుంచి లెదరు బంతి వదిలి ఎంత ఎగిరిందో స్కేలు పెట్టి చూశాం. ఇంగ్లీషు బ్యాటు మీద ఎక్కువ ఎగిరింది. నేను గెలిచానని గంతులు వేశాను.

మా భౌతికశాస్త్రం సార్ చూసి నవ్వారు. “నేలకు ఆనించిన బ్యాటు బ్యాటు కాదయ్యా, అది భూమి. మీరు భూమి బరువును కొలుస్తున్నారు” అన్నారు. సిగ్గుపడి, ఈసారి బ్యాటును రెండు తాళ్ళతో వేలాడదీసి, బంతిని ఇంకో దారానికి కట్టి ఊపి కొట్టించాం. అప్పుడు బయటపడింది అసలు విషయం. మూడు బ్యాట్ల మధ్య తేడా ఉన్నది, లేదనను. కాని ఒకే బ్యాటు మీద మంచి చోటుకూ, కింది కొనకూ మధ్య ఉన్న తేడా ముందు, ఒక దేశపు కొయ్యకూ ఇంకో దేశపు కొయ్యకూ ఉన్న తేడా చిన్నదైపోయింది. ఆ మంచి చోటు కింది కొన నుంచి సుమారు 15 సెంటీమీటర్ల పైన ఉంటుంది. పిడిని రెండు వేళ్ళతో తేలికగా పట్టుకుని వేలి కణుపుతో తట్టుకుంటూ పొండి. పిడి ఎక్కడ జివ్వుమనదో అదే చోటు. చెడు చోట తగిలితే బంతికి పోవలసిన శక్తి కంపనంగా మారి మన అరచేతిని మండిస్తుంది.

అయితే ఆ 25 మీటర్ల బ్యాటు వేగం ఎక్కడి నుంచి వస్తుంది? కండలనుంచి అని నేననుకున్నాను. మా జట్టులో ఎక్కువ దూరం కొట్టేది బక్కపలచని కుర్రాడు. జిమ్ముకు పోయే పహిల్వాను ఒకడున్నాడు, వాడి బంతి ముప్పై గజాల వలయం దాటదు. దీనికి సమాధానం నాకు కాలేజీలో కాదు, చేనులో తెలుసు. జొన్న చేనులో మంచె మీద నిలబడి పక్షులను తోలేటప్పుడు వడిసెల తిప్పినవారికి ఎవరికైనా తెలుసు. చేయి వేగంగా తిరిగితే చాలదు. ముందు కాలు నాటుకోవాలి, తర్వాత నడుము తిరగాలి, తర్వాత భుజం, తర్వాత మోచేయి, చివరికి మణికట్టు. ఒకటి ఆగేచోట ఇంకోటి అందుకోవాలి. అన్నీ ఒక్కసారే తిరిగితే రాయి కాళ్ళ దగ్గరే పడుతుంది. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం వారు దూరంగా కొట్టే బ్యాటర్లను కెమెరాలతో కొలిచి 2018లో ప్రకటించినది దాదాపు ఇదే. బ్యాటు కిందికి దిగడం మొదలయ్యేటప్పుడు నడుముకూ భుజాలకూ మధ్య ఉన్న మెలి, ముందుచేతి మోచేయి సాగడం, వంచిన మణికట్టు విడవడం, బ్యాటు వేగంలోని తేడాలో ఎక్కువ భాగానికి ఈ మూడే కారణమని వారు చూపారు.

బంతి తగిలే క్షణంలో పిడిని గట్టిగా బిగిస్తే బలం వస్తుందని ఒక నమ్మకం ఉన్నది. అదీ నిలవదు. తాకి ఉండేది సెకనులో వెయ్యోవంతు. దెబ్బ కుదుపు కొయ్య గుండా మన చేతికి చేరి, చేయి తిరిగి ఏమైనా చేసేలోపల బంతి వెళ్ళిపోయింది. కట్టెలు కొట్టేటప్పుడు గొడ్డలి మొద్దును తాకేసరికి మన పని అయిపోయినట్టే ఇదీను. ఆ మాట మా నాయనకు చెబితే “అది నీకు ఇప్పుడు తెలిసిందా?” అన్నాడు.

బరువు విషయంలోనూ గొడ్డలి పాఠమే. బరువు బ్యాటుతో గు కొంచెం పెరుగుతుంది, కాని జడత్వ భ్రామకం పెరిగి బ్యాటు వేగం తగ్గుతుంది. సచిన్ టెండూల్కర్ బరువైన బ్యాటు వాడేవాడని చూసి మేమంతా బరువు బ్యాట్ల వెంట పడ్డాం. ఆయన మణికట్టు మనకు లేదన్న సంగతి మరచిపోయాం.

ఇప్పుడు చరిత్ర వైపు ఒకసారి చూద్దాం. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడు, అనగా మన సి.కె. నాయుడు, 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద రెండు గంటలు తిరగకుండా 153 పరుగులు చేశాడు. అందులో సిక్సర్లు 11. ఆ జట్టువారే ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. ఆరేళ్ళ తర్వాత, 1932లో, భారతదేశపు మొదటి టెస్టుకు ఆయనే నాయకుడు. ఆ పర్యటనలోనే బర్మింగ్‌హామ్‌లో ఆయన కొట్టిన ఒక బంతి మైదానం పక్కనున్న రీ అనే ఏటిని దాటి పక్క కౌంటీలో పడిందని చెప్పుకొంటారు. మన కుప్పంలో కొడితే కర్ణాటకలో పడ్డట్టు! ఆనాటి బ్యాటు అంచు ఎంత పలచనో పాత ఫొటోలు చూస్తే తెలుస్తుంది. ఇప్పటి బ్యాట్లు ఎంత లావెక్కాయంటే 2017 అక్టోబరు నుంచి అంచు 40 మిల్లీమీటర్లు, మందం 67 మిల్లీమీటర్లు మించరాదని నిబంధన పెట్టవలసి వచ్చింది. ఇంత లావు కొయ్య లేకుండానే నాయుడుగారు పదకొండు సిక్సర్లు కొట్టారు.

కొయ్య పుట్టిన ఊరి గురించే కావాలంటే దగ్గరి ఉదాహరణ ఉన్నది. 2022 టి-20 ప్రపంచ కప్పులో, ఆస్ట్రేలియాలోని జిలాంగ్‌లో, యు.ఎ.ఇ. జట్టు బౌలరు జునైద్ సిద్దిఖ్ శ్రీలంక మీద 109 మీటర్ల సిక్సరు కొట్టాడు. ఆయన చేతిలో ఉన్నది కాశ్మీరు విల్లో బ్యాటేనని పత్రికల్లో వచ్చింది. అదీ బ్యాటరు కాదు, బౌలరు!

ఇక కొయ్యే వద్దనుకున్నవారి సంగతి. 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగాడు. బంతి పాడవుతుందని ఇంగ్లండు కెప్టెను గొడవ చేశాడు. తమాషా ఏమంటే, లిల్లీ కొట్టిన బంతి బౌండరీ పోవలసింది పోక మూడు పరుగులకే ఆగిందని వాళ్ళ సొంత కెప్టెను కూడా కొయ్య బ్యాటే పంపించాడు. ఆ తర్వాత బ్యాటు పలక కొయ్యదే కావాలని నిబంధనల్లో వ్రాశారు. 2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు వెదురు పలకలు అతికించి చేసిన బ్యాటు విల్లో కన్నా బిగువుగా ఉన్నదని, బంతిని ఎక్కువ వేగంగా పంపుతుందని చూపారు. కాని వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి. గడ్డి కొయ్య కాదు గనుక నిబంధన ఒప్పుకోదు. శేషాచలం అంచున వెదురుపొదలు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొచ్చి నవ్వు వస్తుంది.

ఇంతవరకు చదివి, ‘అయితే బ్యాటు ఏదైనా ఒకటే, టెక్నిక్కు నేర్చుకుంటే డబ్బు ఖర్చు లేదు’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది ఉన్నవాళ్ళ మాట. టెక్నిక్కు ఊరికే రాదు. మా ఊళ్ళో కోతలైన మడిలో టెన్నిసు బంతితో ఆడి పెరిగినవాడికి లెదరు బంతి ఎట్లా లేస్తుందో ఇరవయ్యో ఏట తెలిసింది. పట్నం పిల్లవాడు పదేళ్ళకే నెట్సులో వందల బంతులు ఎదుర్కొంటాడు, తప్పు చేస్తే పక్కనుంచి ఒకరు చెబుతారు. 2024 డిసెంబరులో మెల్‌బోర్నులో 114 పరుగులు చేసిన విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి కోసం తండ్రి ఉద్యోగమే వదులుకున్నాడని అందరూ చదివాం. మా నాయన సేద్యం వదులుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. పద్దెనిమిది వేల బ్యాటు కంటే ఆ పదేళ్ళ నెట్సు ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువ. నా సమీకరణంలో బ్యాటు వేగం అనే అక్షరం వెనక ఇదంతా ఉన్నది.

పైస్థాయి ఆటగాళ్ళకు ఇంగ్లీషు విల్లో అక్కరలేదని కూడా నేను అనడం లేదు. టెక్నిక్కు అందరిదీ సమానమైన చోట ఆ ఒక మీటరే క్యాచికీ సిక్సరుకూ తేడా. మంచి కొయ్య తేలిక గనుక అదే మందంలో ఇంకొంచెం వేగంగా తిరుగుతుంది కూడా. నా స్థాయికి మాత్రం, నూటికి అరవై బంతులు మంచి చోట తగలని నా స్థాయికి, ఆ లాభం ఎక్కడా కనబడదు.

దీపావళి సెలవుల్లో ఈ లెక్కంతా కాగితం మీద వేసి మా నాయన ముందు పెట్టాను. ఆయన 38 దగ్గర వేలు పెట్టి, “దీనికి డబ్బు కట్టాల్నా?” అన్నాడు. అక్కరలేదు, తెల్లవారి లేవాల అన్నాను. కాశ్మీరు బ్యాటుకు డబ్బు ఇచ్చాడు. ఆచారి చింతచేవతో సుత్తి ఒకటి చెక్కి ఇచ్చాడు, కొత్త బ్యాటును తట్టి పదును చేయడానికి. చింత ఆ పనికైతే పనికొచ్చింది. రోజూ సాయంత్రం అవిసె నూనె పూసి గంటసేపు తడుతున్నాను. పక్క గదివారు వార్డెనుకు ఫిర్యాదు చేసినందున ఇప్పుడు మెట్ల కింద కూర్చుని తడుతున్నాను.